గౌస్‌సాబ్ గడ్డం

తెల్లవారి ఎనిమిదైనా గౌస్‌సాబ్ మొహం మీది తువ్వాలు తీయలేదు.

నిన్న సాయంత్రం పెనుకొండ నుంచి బండి తోలుకొచ్చి, ఎవరితోనూ పలక్కుండా వసారాలో నులకమంచం ఎక్కినవాడు ఎక్కినట్టే ఉన్నాడు. ముక్కు కింది నుంచి మెడదాకా తువ్వాలు బిగించి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. అన్నం వద్దన్నాడు. వేకువ నమాజు ఇంట్లోనే చదువుకున్నాడు. జ్వరం కాసిన రోజుల్లో తప్ప ఆయన ఆ నమాజుకు మసీదు మెట్లెక్కకపోవడం ఈ పదహారేళ్ళలో ఇంట్లో ఎవరూ ఎరగరు.

తువ్వాలు కింద ఏమీ లేదని ఇంట్లో అందరికీ తెలుసు. నిన్న ఆయన కాళ్ళు కడుక్కోవడానికి వంగినప్పుడు తువ్వాలు జారింది. భార్య బుడన్‌బీ చూసింది. చూసి, చేతిలో చెంబు అక్కడే పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. అప్పట్నుంచీ ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు ఆమె టీ గ్లాసు తెచ్చి మంచం పక్కన నేలమీద పెట్టింది. చేతికివ్వలేదు.

"టీ," అంది.

"ఆడ పెట్టు."

"పెట్టే ఉండాను."

ఆ మంచానికీ ఆ గ్లాసుకూ మధ్య జానెడు దూరం. నలభై నాలుగేళ్ళ కాపరంలో ఆ మొగుడూ పెళ్ళాలు గొంతులు చించుకోని రోజు లేదు. బండి రిపేరుకు పోట్లాట, కూరలో ఉప్పుకు పోట్లాట, వాన రాకపోయినా అది ఇద్దర్లో ఒకరి తప్పే. అలాంటి ఇంట్లో మాటలు తూకం వేసి వాడుకుంటున్నారంటే వీధిలో వాళ్ళు కూడా భయపడాల్సిన సంగతే.

గడపలో కూర్చుని కొడుకు నౌషాద్ ఇదంతా చూస్తున్నాడు. ఒళ్ళో సోమవారం షూటింగ్ కాగితాలు ఉన్నాయి. వాటిని ఊరికే తిప్పుతున్నాడు.

"తువ్వాలు కట్టుకోనే తాగుతావా టీ?" అంది బుడన్‌బీ. "మాకు దాస్తాండావా, నీకు నువ్వే దాచుకుంటాండావా?"

గౌస్‌సాబ్ లేచి కూర్చున్నాడు. తర్వాత తువ్వాలు విప్పి, మడత పెట్టి, ఒళ్ళో పెట్టుకున్నాడు.

నుదురూ ముక్కూ చెంపల పైభాగమూ ఎండకు కమిలిన పాత గౌస్‌సాబ్‌వే. వాటి కింద మాత్రం ఎవరిదో మొహం. ఎండ సోకని తెల్లటి చర్మం, లోపలికి పోయిన పెదవులు, చిన్న చుబుకం. కత్తి గీరుకున్న చోట రక్తం ఎండి ఉంది. ఛాతీ మీదికి దిగిన తెల్లటి గడ్డంతో, పట్టుగూళ్ళ మార్కెట్లో ఎదురొస్తే కుర్రాళ్ళు బీడీలు వెనక్కి దాచుకునే మనిషి, ఇప్పుడు ఎవరో అమాయకపు ముసలాయనలా ఉన్నాడు.

బుడన్‌బీ రెప్ప వేయకుండా చూసింది. ఆమె కళ్ళలో కోపం ఉంటే నౌషాద్‌కు కొంచెం నయంగా ఉండేది.

"బాబయ్యకు ఏం చెప్పినావు?" అంది మెల్లగా.

"చెప్పినా."

"ఏమని?"

"పిల్లోని కోసరం అని చెప్పినా. దర్గాలో ఒగ గంటసేపు కూర్చున్నా. తర్వాత బస్టాండు కాడ షాపులో తీపిచ్చుకున్నా. ఈడయితే మన నరసింహులు కత్తి పెట్టడు గదా, చెయ్యి రాదు వానికి."

పదహారేళ్ళ కింద రామగిరి దారిలో పట్టుగూళ్ళ లోడుతో బండి బోల్తా పడింది. క్లీనరుకు కాలు విరిగింది, గౌస్‌సాబ్‌కు గోరు కూడా ఊడలేదు. తిన్నగా పెనుకొండ పోయి, బాబయ్య దర్గాలో నిలబడి, ఇక ఈ మొహానికి కత్తి తగలనీయనని మొక్కుకున్నాడు. అప్పట్నుంచీ అది గడ్డం కాదు, మాట. ఆ సంగతి ఇంటికీ తెలుసు, వీధికీ తెలుసు. అగళి నుంచి చిలమత్తూరు దాకా గూళ్ళు పండించే రైతులకు 'గడ్డం గౌస్‌సాబ్ బండి' అంటే చాలు, నంబరు అడిగేవాళ్ళు కాదు.

గౌస్‌సాబ్ టీ గ్లాసు అందుకున్నాడు. ఒక గుక్క తాగి, పెదవి తుడుచుకోబోయి, అలవాటుగా గడ్డం దువ్వుకోబోయి, చెయ్యి గాలిలోనే ఆపేశాడు.

"సోమవారం ఎన్ని గంటలకు రమ్మన్నారు రా?" అని కొడుకుని అడిగాడు.

నౌషాద్ ఒళ్ళోని కాగితాలు మడిచాడు.

"ఆరుకు," అన్నాడు.

"అట్లయితే నాలుగుకు బయలుదేరల్ల. కొండ మీదికి పోయేలోపల బ్రేకు ఒగసారి చూసుకోవల్ల."

నౌషాద్ కాగితాలు తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయాడు. నాలుగు దినాల నుంచి ఆ ఇంట్లో అతను చేస్తున్న పని అదే. నాన్న వసారాలోకి వస్తే అతను పెరట్లోకి, నాన్న పెరట్లోకి వస్తే అతను వీధిలోకి.

*

సోమవారం షూటింగ్ లేదు. మంగళవారమూ లేదు. ఇంకెప్పుడూ లేదు.

ఈ ముక్క నౌషాద్‌కు పోయిన సోమవారమే తెలుసు. మధ్యాహ్నం హైదరాబాదు నుంచి ప్రొడక్షన్ మేనేజర్ గంగాధర్ ఫోన్ చేశాడు. ఇంట్లో అప్పుడు ఎవరూ లేరు.

"నౌషాద్ గారూ, ఛానెల్ వాళ్ళు వద్దనేశారండీ. తీసినవి ఇంకా రెండు వారాలవి ఉన్నాయి. అవి వేసి ఆపేస్తారట. పెనుకొండ షెడ్యూల్ క్యాన్సిల్. మీరేం ఫీలవ్వకండి, ఇంకేదైనా ఉంటే నేనే పిలుస్తాను."

నేనే పిలుస్తాను అన్న మాటకు టీవీ లోకంలో అర్థం ఏమిటో నౌషాద్‌కు తెలియంది కాదు. పన్నెండేళ్ళు అందులో నలిగినవాడు. హైదరాబాదు పోయిన కొత్తలో రెండేళ్ళు గుంపులో నిలబడ్డాడు. తర్వాత అదృష్టం తలుపు తట్టి, ఒక డైలీ సీరియల్లో మురళి అనే మంచి మరిది వేషం దొరికింది. నాలుగేళ్ళు ఆ ఇంటి వదిన కష్టాలన్నీ అతనే తీర్చాడు. బస్టాండుల్లో ఆడవాళ్ళు "మురళీ, మీ వదిన్ని బాగా చూసుకో నాయనా" అని చెయ్యి పట్టుకునేవాళ్ళు. ఆ సీరియల్ అయిపోయింది. మురళిని మరిచిపోవడానికి జనానికి మూడు నెలలు కూడా పట్టలేదు. ఆ తర్వాత అన్నీ రెండు రోజుల వేషాలే. ఆపరేషన్ గది తలుపు తీసుకుని వచ్చి, ఇరవై నాలుగ్గంటలు గడిస్తే గానీ ఏమీ చెప్పలేం అనే డాక్టరు వేషం ఒక్కటే తొమ్మిది సీరియళ్ళలో వేశాడు.

ఇట్లా ఉండగా 'బండెక్కిన ఇల్లు' వచ్చింది. ధర్మవరం నుంచి ఒక చేనేత కుటుంబం పాత వ్యానులో పట్టుచీరలు వేసుకుని ఊరూరూ తిరుగుతూ అమ్ముకునే కథ. వారానికి ఒక ఊరు, ఊరికొక కష్టం, చివరికి తిరిగి సొంత ఊరు చేరడం. నౌషాద్ ఆ ఇంటి యజమాని. నలభై రెండేళ్ళకు మళ్ళీ హీరో. భార్య ఆలియాను వెంటబెట్టుకుని హిందూపురం వచ్చేశాడు, ఎట్లాగూ షూటింగంతా ఈ చుట్టుపక్కలే కదా అని.

ఇంటి నాలుగు గోడల మధ్య ఏడిస్తే చూస్తారు గానీ, రోడ్డు మీద తిరిగే సంసారాన్ని ఎవరు చూస్తారని ఛానెల్ వాళ్ళు అన్నారట. పదకొండు వారాలకే వాళ్ళకు ఆ జ్ఞానం కలిగింది.

అది అట్లా ఉంచితే, అసలు చిక్కంతా బండి దగ్గర వచ్చింది. వ్యాను తోలే హీరోకు వ్యాను తోలడం రాదు. డ్రైవరు కొడుకై ఉండి స్టీరింగు ముట్టలేదు. చిన్నప్పుడు నేర్పిస్తానని గౌస్‌సాబ్ వెంటపడితే, నాకు ఆ పని వద్దని నాటకాలకు పోయినవాడు. మొదటిరోజు చిలమత్తూరు దగ్గర షాట్ పెట్టారు. హీరోగారు తిన్నగా తీసుకెళ్ళి రోడ్డు పక్క ఎండిన చెనక్కాయ కట్టె వామిలోకి తోలారు. యూనిట్ అంతా పొట్ట పట్టుకుని నవ్వింది. వ్యాను గౌస్‌సాబ్‌దే, అద్దెకు తెచ్చింది. పక్కన నిలబడి చూస్తున్న ఆయన ఏమీ అనకుండా బండి వెనక్కి తీశాడు. డైరెక్టరు ఆయన భుజాలు చూశాడు, నౌషాద్ భుజాలు చూశాడు. ఇద్దరూ ఒకే అచ్చు. కొడుకు గళ్ళచొక్కా తండ్రికి తొడిగించి, గడ్డం కనపడకుండా తువ్వాలు చుట్టించి, దూరం నుంచి కెమెరా పెట్టించాడు.

అంతే. ఆ పదకొండు వారాలూ బండి లోపల మాట్లాడింది కొడుకు, బండి తోలింది తండ్రి.

పన్నెండేళ్ళుగా కొడుకు నటించిన ఒక్క సీరియల్ కూడా గౌస్‌సాబ్ చూడలేదు. టీవీ పెట్టగానే చెప్పులు వేసుకుని బయటికి పోయేవాడు. అట్లాంటిది, మూడో వారం స్టీరింగు మీద తన చేతులు టీవీ నిండా కనపడ్డాక మనిషి మారిపోయాడు. ఆదివారం సాయంత్రం ఏడు కాకముందే మంచం టీవీ ముందుకు జరుపుకునేవాడు. మార్కెట్లో ఎవరైనా "ఆ చేతులు నీవే గదప్పా" అంటే, కాదు మావానివి అని నవ్వేవాడు. తండ్రి తనను చూసి నవ్వడం నౌషాద్ మీసాలు వచ్చాక మళ్ళీ ఇప్పుడే చూశాడు. నిజం చెప్పాలంటే అతనికి ఆ సీరియల్ కన్నా ఆ నవ్వే ఎక్కువ ఇష్టమైంది.

పెనుకొండ కొండదారిలో బ్రేకులు ఫెయిలైన సీను రాశారు. కెమెరా బండి ముందర కట్టి తీస్తారు. అద్దం మీది దుమ్ములోంచి మొహం తెలుస్తుంది, తువ్వాలు పనికిరాదు; గడ్డం ఒక్కటి లేకపోతే తండ్రికీ కొడుక్కీ తేడా కనపడదు. హైదరాబాదు నుంచి వేరే డ్రైవరును తెప్పిస్తానన్నాడు డైరెక్టరు. పోయిన వారం ఇంట్లో జరిగిన రభస అంతా దాని గురించే. గడ్డం జోలికి వస్తే ఊరుకునేది లేదని బుడన్‌బీ తెగేసి చెప్పింది. గౌస్‌సాబ్ అవుననలేదు, కాదనలేదు.

నౌషాద్‌కు అప్పుడైనా తెలియాల్సింది. ఆయన ఊరుకున్నాడంటే నిర్ణయించుకున్నాడని అర్థం.

*

"నాలుగు దినాలాయ నువ్వు అద్దం ముందర నిలబడి," అంది ఆలియా.

పెరట్లో బట్టలు ఆరేస్తోంది. మొగుడి వైపు చూడలేదు.

"ఏ షూటింగ్ ముందరైనా నువ్వు అద్దం ఇడిసిపెట్టినోనివి కాదు. తలకు రంగు యేసుకోలేదు. ఆ కాగితాలు ఒగసారన్నా పైకి సదవలేదు. ఏమైంది?"

నౌషాద్ బావిగట్టు మీద కూర్చున్నాడు. మింగలేక కక్కలేక నాలుగు రోజులు మోసినదాని బరువు ఒక్కసారిగా తెలిసింది.

"ఆపేసినారు," అన్నాడు.

ఆలియా చేతిలో తడిచీర అట్లాగే ఉండిపోయింది.

"ఎప్పుడు?"

"సోమవారం ఫోన్ వచ్చింది."

ఆలియా వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. సోమవారం, మంగళవారం, బుధవారం, బేస్తవారం. బేస్తవారం దగ్గర వేలు ఆగింది.

"మామ పెనుకొండకు పోతాంటే నువ్వు ఈడే ఉండావు గదా. బండి కాడ నిలబడి మాట్లాడినావు గూడా."

"గడ్డం తీయడానికి పోతాండాడని నాకేం తెలుసు? గూళ్ళ లోడుకు అనుకొంటి."

"తెలీకపోతే మాత్రం, చెప్పింటే పోయేటోడా?"

గంగాధర్ మళ్ళీ ఫోన్ చేస్తాడేమో, ఛానెల్ వాళ్ళు మనసు మార్చుకుంటారేమో అని నౌషాద్ ఒక రోజు ఆగాడు. రెండోరోజు ఎట్లా చెప్పాలా అని ఆగాడు. మూడోరోజు నాన్న టీవీ ముందు కూర్చుని, వచ్చేవారం కొండసీను ఎట్లా తీస్తారో బుడన్‌బీకి చేతులు తిప్పుతూ వివరిస్తుంటే నోరు రాలేదు. ఇంకొక్క రోజు ఆ ఇంట్లో హీరోగా ఉండాలనిపించింది. అంతకు మించి కారణం లేదు. ఆ ఒక్క రోజు ఖరీదు ఇప్పుడు వసారాలో కూర్చుని టీ తాగుతోంది.

"నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?" అంది ఆలియా. "పొద్దు రెండు జాములైతే జుమ్మా నమాజుకు పోతాడు. ఊరంతా ఆడే ఉంటాది. వాళ్ళకు ఏం చెప్పల్ల ఆ ముసలాయన?"

"నేనే చెప్తా."

"ఎప్పుడు?"

అతను లేచాడు. వసారాలోకి నడిచాడు.

*

గౌస్‌సాబ్ పెట్టె తెరిచి ఏదో వెతుకుతున్నాడు.

"ఆ గళ్ళచొక్కా యాడ పెట్టినార్రా? ఇస్త్రీకి ఇయ్యల్ల."

"నాయనా," అన్నాడు నౌషాద్. "సోమవారం షూటింగ్ లేదు."

"మంగళవారమా?"

"లేదు. ఇంగ లేదు. సీరియల్ ఆపేసినారు."

గౌస్‌సాబ్ పెట్టె మూత మెల్లగా దించాడు. మంచం మీద కూర్చున్నాడు. తలుపు దగ్గరకు వచ్చిన బుడన్‌బీ అక్కడే నిలబడిపోయింది. ఆమె వెనక ఆలియా.

అరుస్తాడని, చెయ్యెత్తుతాడని నౌషాద్ సిద్ధపడి నిలబడ్డాడు. నిజానికి ఒకటి తగిలిస్తే బాగుండునని కూడా అనుకున్నాడు.

"అయితే వాళ్ళు ధర్మవరం చేరరా?" అన్నాడు గౌస్‌సాబ్.

"ఎవరు నాయనా?"

"వాళ్ళే. బండిలో ఉండే సంసారం."

"చేరరు," అన్నాడు నౌషాద్.

"ఇప్పుడు యాడ ఉంటారు?"

"సోమందేపల్లి దాటినారు. పెనుకొండ కొండ కనపడతా ఉంటాది. ఆడికి అయిపోతాది."

"వాళ్ళ పిల్ల పెండ్లి సంగతి?"

"రాయలేదు."

"ఆడనే రోడ్డు మీద ఇడిసేసినారా సంసారాన్ని," అన్నాడు గౌస్‌సాబ్ తనలో తను. తర్వాత అడిగాడు.

"నీకు ఎప్పుడు చెప్పినారు?"

ఈ పొద్దే అంటే సరిపోతుంది. ఒక్క మాట, దాంతో అందరి తప్పూ గంగాధర్ మీదికి పోతుంది. ఆలియా తలుపు పక్కనుంచి చూస్తోంది. ఆమె చూడకపోయినా బహుశా నిజమే చెప్పేవాడు. ఆ మాటకు ఇప్పుడు ఎవరు పూచీ ఇవ్వగలరు?

"సోమవారం," అన్నాడు.

బుడన్‌బీ గడప దాటి వచ్చింది.

"సోమవారం నుంచి నోట్లో నీళ్ళు పోసుకోని కూర్చున్నావా? నాయన బండెక్కి పోతాంటే చూస్తా నిలబడినావా? నేను వద్దు వద్దని మొత్తుకుంటి. పదహారేండ్ల మొక్కు అది. నీ సీరియల్ పుట్టక ముందరిది. నీ మురళి పుట్టక ముందరిది."

"అమ్మా..."

"అమ్మ ఏం చేస్తాదిరా? అమ్మ ఆ యెంట్రుకలు తెచ్చి అతికిస్తాదా?"

"బుడన్, ఊరుకో," అన్నాడు గౌస్‌సాబ్.

"ఊరుకోను. జీవమంతా ఊరుకున్నా. వాడు నాటకాలకు పోతే ఊరుకున్నా. పట్నం పోతే ఊరుకున్నా. పేరు అడిగితే నౌషాద్ అని చెప్పుకోకుండా మురళి అని తలూపినప్పుడు గూడా ఊరుకున్నా."

ఆ చివరి మాట నౌషాద్‌కు ఎక్కడో తగలాల్సిన చోటే తగిలింది. ఆమె అది చూసిందనీ, ఇన్నేళ్ళు దాచుకుందనీ అతనికి తెలియదు. బుడన్‌బీ ఆగింది. అనవలసిన దానికన్నా ఎక్కువ అన్నానని ఆమెకే తెలిసినట్టుంది. కొంగుతో కళ్ళు తుడుచుకుని గోడకు ఆనుకుని కూర్చుంది.

వీధిలో ఐస్ అమ్మేవాడి గంట మోగుతూ దగ్గరకొచ్చి, దూరమైపోయింది.

"యెంట్రుకలదేముంది," అన్నాడు గౌస్‌సాబ్. "మళ్ళా వస్తాయి. బాబయ్యకు నేను చెప్పుకున్నా, ఆయన వింటాడు. జనానికే ఏం చెప్పల్లనో తెలీదు. టీవీలో ఒగసారి కనపడింటే, ఓహో దీనికోసరమా అనుకొనేటోళ్ళు. కొడుకు కోసరం అంటే ఎవరూ ఏమనరు. ఇప్పుడు నా మొగం చూసి ఏమనుకొంటారు? ముసలితనంలో వీనికేమొచ్చిందిరా అనుకోరా?"

"నేను వస్తా నాయనా," అన్నాడు నౌషాద్. "మసీదు కాడ అందరి ముందర నేనే చెప్తా. తప్పు నాదని చెప్తా. సీరియల్ పోయిందని చెప్తా."

గౌస్‌సాబ్ కొడుకుని చూశాడు. కోపంగా కాదు. అద్దెకిచ్చిన బండి తిరిగొస్తే ఏ మూల సొట్ట పడిందోనని వెతికినట్టు చూశాడు.

"నువ్వు చెప్తావా?" అన్నాడు. "పన్నెండేండ్లు నువ్వు జనం ముందర నోరు తెరిస్తే అది ఎవరో రాసిచ్చిందే గదరా. ఇది గూడా రాసిచ్చిందే అనుకొంటారు."

లేచి తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్ళిపోయాడు.

*

జుమ్మా వేళకు గౌస్‌సాబ్ ఉతికిన తెల్లచొక్కా వేసుకుని, టోపీ పెట్టుకుని బయటికొచ్చాడు. మొహానికి ఏమీ కట్టుకోలేదు. బుడన్‌బీ తువ్వాలు అందించబోతే వద్దన్నాడు. ఆమె దాన్ని పట్టుకుని గడపలోనే నిలబడింది. పొద్దున్నుంచీ ఆమె ఆయన ఎదుటికి అంత దగ్గరగా రావడం అదే.

"పోయి రా," అంది.

నౌషాద్ పది అడుగులు వెనక నడిచాడు. ముందు నడవమని గానీ, వెనక్కి పొమ్మని గానీ తండ్రి చెప్పలేదు. వీధి మలుపులో సోడా షాపు సంజీవప్ప సలాం చెయ్యబోయి, చెయ్యి సగంలో ఆపి, ఎవరో అనుకుని పక్కకు చూశాడు. మళ్ళీ గతుక్కుమని తిరిగి చూశాడు. గౌస్‌సాబ్ నడక ఆపలేదు. మామూలుగా నడిచే మనిషే, ఈరోజు మరీ తిన్నగా నడుస్తున్నాడు. చూడాల్సినవాళ్ళు అందరూ ఒక్కసారే చూసేయండి అన్నట్టు.

నౌషాద్ దారి పొడుగునా మాటలు కూర్చుకుంటున్నాడు. అందరూ వినండి. మా నాయన చేసిన తప్పేం లేదు. నాలుగు దినాల కిందట నాకు తెలుసు. చెప్పుకుంటూ పోతే వరస బాగానే వచ్చింది. మరీ బాగా వచ్చింది. ఎక్కడ గొంతు తగ్గించాలో కూడా తోచింది. అప్పుడు అతనికి తన మీద తనకే రోత పుట్టింది. ఆ మాటలన్నీ వదిలేసి ఉత్త చేతులతో నడిచాడు.

మసీదు మెట్ల దగ్గర ఇరవై ముప్పై మంది చెప్పులు విడుస్తున్నారు. ముందుగా చూసినవాడు అల్తాఫ్. గౌస్‌సాబ్ చెల్లెలి కొడుకు, మెయిన్ రోడ్డులో సైకిల్ షాపు నడుపుతాడు. పంపు కొట్టేటప్పుడు తప్ప నోరు మూయని మనిషి.

"మామా," అన్నాడు. అంతకు మించి రాలేదు.

ఒక్కొక్కరే తిరిగారు. కమిటీ పెద్దాయన ఒకరు కళ్ళజోడు సవరించుకుని మరీ చూశారు. గౌస్‌సాబ్ మొదటి మెట్టు మీద నిలబడ్డాడు. ఒక చెప్పు విడిచాడు, రెండోది ఇంకా కాలికే ఉంది.

"ఏమిది గౌస్‌సాబ్?" అన్నారు పెద్దాయన. మెత్తగానే అడిగారు. ఆ మెత్తదనం నౌషాద్ భరించలేకపోయాడు.

అతను గుంపులోంచి ముందుకొచ్చాడు. "పెద్దాయనా, తప్పు నాది. అది..."

"షూటింగ్ ఉండాది," అన్నాడు గౌస్‌సాబ్.

నౌషాద్ ఆగిపోయాడు.

"సోమవారం. పెనుకొండ కొండ మీద," అన్నాడు గౌస్‌సాబ్. గొంతు పెద్దది చెయ్యలేదు. పట్టుగూళ్ళు ఎన్ని కిలోలని రైతు అడిగితే చెప్పినట్టు చెప్పాడు. "బ్రేకులు పోయిన సీను. మావానికి బండి రాదు గదా, నేనే తోలల్ల. మొగం కనపడతాదంట. దానికోసరం తీసినా. బాబయ్య దర్గాలో చెప్పుకోని తీసినా."

అందరూ పెద్దాయన వైపు చూశారు. ఆయన కళ్ళజోడు తీసి కుర్తాతో తుడుచుకున్నారు.

"కొడుకు కోసరమా?" అన్నారు.

"కొడుకు కోసరమే."

"టీవీలో నీ మొగం వస్తాదా?"

"వస్తాది."

పెద్దాయన ముందుకొచ్చి గౌస్‌సాబ్ భుజం మీద చెయ్యి వేశారు. "అల్లా చూసుకొంటాడులే. రా లోపలికి," అన్నారు. చుట్టూ బిగుసుకున్న మొహాలు సడలాయి. ఎవరో నవ్వారు కూడా. ముసలితనంలో హీరో అయినావు గదప్పా అన్నారు ఇంకెవరో. గౌస్‌సాబ్ కూడా నవ్వాడు. గడ్డం లేకుండా ఆ నవ్వు ఎలా ఉంటుందో నౌషాద్ మరిచిపోయాడు.

ఆ మనిషి నోట అబద్ధం విన్నవాళ్ళు హిందూపురంలో లేరు. అందుకే ఒక్కరికీ అనుమానం రాలేదు. దేవుడి మెట్ల మీద నిలబడి, ఊరి ముందర, కొడుకు పరువు కోసం అరవై నాలుగేళ్ళ వయసులో గౌస్‌సాబ్ అబద్ధమాడాడు. గడ్డం అయితే మళ్ళీ వస్తుందని పొద్దున ఆయనే అన్నాడు. ఇప్పుడు పోయినది మళ్ళీ వచ్చేది కాదని నౌషాద్‌కు తెలుసు. ఆయనకు కూడా తెలుసు.

గౌస్‌సాబ్ రెండో చెప్పు విడిచాడు. కొడుకు వైపు చూడకుండా లోపలికి వెళ్ళిపోయాడు.

"అట్లయితే సోమవారం మేమంతా వస్తాం బావా," అన్నాడు అల్తాఫ్, నౌషాద్ మెడ చుట్టూ చెయ్యి వేసి. వాడికి మాట తిరిగొచ్చింది. "షాపు మూసేస్తా. రెండు జీపులు మాట్లాడతా. ఇంట్లో ఆడోళ్ళు గూడా చూస్తామంటారు, మా అమ్మ అయితే ఆగదు, వాళ్ళన్న షూటింగంటే నడుసుకోనైనా వస్తాది. పెద్దాయనా, మీరూ రావల్ల."

"వస్తాం, వస్తాం," అన్నారు పెద్దాయన. "గౌస్‌సాబ్ అంత పని చేసినాక మనం పోయి చూడకుంటే ఎట్ల?"

నౌషాద్ తలుపు లోంచి లోపలికి చూశాడు. ఎప్పుడూ మొదటి వరసలో ఇమాము వెనకే కూర్చునే మనిషి, ఆ వరసలో తన చోటు ఖాళీగా ఉన్నా అక్కడికి పోలేదు. అందరికన్నా వెనక, తలుపు పక్కన, ఒక్కడే కూర్చున్నాడు. ఆయన వీపు మాత్రం కనపడుతోంది. బయట మాట్లాడే ప్రతి మాటా అక్కడికి వినపడుతుంది.

"చెప్పు బావా," అన్నాడు అల్తాఫ్. "ఎన్ని గంటలకు బయలుదేరల్ల మేము?"

మెట్ల మీద ఉన్నవాళ్ళంతా నౌషాద్ వైపు తిరిగారు. లోపల గౌస్‌సాబ్ తల కొంచెం పక్కకు తిప్పి, కొడుకు జవాబు కోసం అట్లాగే ఉండిపోయాడు.